హార్మోనియమా, కీబోర్డా? కమిటీలో చెయ్యెత్తే ముందు

ప్రశ్న: అయ్యా, వందనాలు. నేను రిటైర్డ్ టీచర్ని. గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరి సంఘంలో పెద్దగా ఉన్నాను. మా మందిరంలో చిన్నప్పటి నుంచీ హార్మోనియం, తబలా, కంజీర, తాళాలతో కీర్తనలు పాడుకున్నాం. హార్మోనియం నేనే వాయిస్తాను. పోయిన క్రిస్మస్‌కి డల్లాస్‌లో ఉంటున్న మా ఊరి కుర్రాడు డబ్బు పంపితే యూత్ వాళ్లు కీబోర్డు, ప్యాడ్స్ (కరెంటుతో మోగే డ్రమ్ములు), రెండు పెద్ద స్పీకర్లు కొన్నారు. ఇప్పుడు డ్రమ్ సెట్ కూడా కావాలంటున్నారు, దానికీ అతనే డబ్బిస్తాడట. వాళ్లకు లీడరు మా అబ్బాయే. కీర్తనలు దాదాపు మానేశారు. పాడినా హడావిడిగా లాగేస్తున్నారు. పెద్దవాళ్లు కొందరు పాటలు అయిపోయాక, ప్రసంగం వేళకి వస్తున్నారు. ఇది చాలదన్నట్టు మా అల్లుడు వాళ్లది క్రీస్తు సంఘం, వాళ్లలో వాయిద్యాలే ఉండవు. "మామయ్యా, కొత్త నిబంధనలో వాయిద్యం ఎక్కడుంది? మీ హార్మోనియమూ తప్పే, వాళ్ల కీబోర్డూ తప్పే" అంటాడు. నాకు జవాబు తోచలేదు. పాస్టరు గారు కమిటీ ఎలా అంటే అలా అంటున్నారు. వచ్చే నెలే కమిటీ. మన సంప్రదాయాన్ని కాపాడుకోవడం ఎలా? నేను ఏ వైపు చెయ్యెత్తాలి? హార్మోనియం పోతుందన్న బాధతోనే మాట్లాడుతున్నానని అందరూ అనుకుంటారేమోనని టెన్షన్‌గా కూడా ఉంది.
— ఒక సంఘ పెద్ద

జవాబు:

మాస్టారూ, వందనాలు.

డ్రమ్ సెట్ సంగతి ముందే చెప్పేస్తాను. ఇప్పటికైతే వద్దని చెయ్యెత్తండి. కారణం అడిగితే మాత్రం "మన సంప్రదాయం" అనకండి. ఆ మాట ఎత్తారంటే, నాలుగు పుస్తకాలు తిరగేసిన కుర్రాడెవడైనా ఐదు నిమిషాల్లో మిమ్మల్ని కూర్చోబెట్టేస్తాడు. హార్మోనియం చరిత్ర అలాంటిది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మొదట మీ అల్లుడిగారి ప్రశ్న. అది తేలిగ్గా తీసెయ్యాల్సింది కాదు. పాత నిబంధనలో వాయిద్యాలకు కొదవ లేదు. 150వ కీర్తనలో బూర, స్వరమండలం, సితారా, తంబుర, పిల్లనగ్రోవి, తాళాలు అన్నీ వరసగా ఉన్నాయి. హిజ్కియా రాజు లేవీయుల చేతికి తాళాలు, స్వరమండలాలు, సితారాలు ఇచ్చి మందిరంలో నిలబెట్టాడని దినవృత్తాంతముల రెండవ గ్రంథం 29వ అధ్యాయంలో ఉంది. అయితే అవన్నీ యెరూషలేము దేవాలయానికీ, అక్కడి బలులకూ, లేవీయుల సేవకూ చెందిన ఏర్పాట్లు. ఆ దేవాలయాన్ని క్రీ.శ. 70లో రోమన్లు కూల్చేశారు. తొలి క్రైస్తవులు ఇళ్లల్లో కూడుకున్నారు. వాళ్లకు వచ్చిన పత్రికల్లో ఎఫెసీ 5:19 చూడండి, కొలొస్సీ 3:16 చూడండి, పాడమని ఉంది. ఏం వాయించాలో లేదు. ప్రకటన గ్రంథంలో వీణలున్నాయి గానీ అవి పరలోకంలో ఉన్నాయి.

చరిత్ర కూడా చాలా దూరం మీ అల్లుడిగారి వైపే ఉంది. అలెగ్జాండ్రియా క్లెమెంత్, జాన్ క్రిసొస్తమ్ లాంటి తొలి శతాబ్దాల పెద్దలు వాయిద్యాలను గట్టిగానే వ్యతిరేకించారు. గ్రీకు, రష్యన్ ఆర్థడాక్స్ చర్చిల్లో చాలా వాటిలో ఈరోజుకీ మనిషి గొంతు తప్ప మరేమీ వినపడదు. పశ్చిమాన 757లో కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి ఫ్రాంకుల రాజు పెపిన్‌కి ఒక ఆర్గన్ కానుకగా పంపాడు. అప్పటికి అది దర్బారు హోదా కోసం పెట్టుకునే వస్తువు. చర్చిల్లోకి తర్వాత నెమ్మదిగా చేరింది. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ కూడా, యూదుల ఆచారాన్ని అనుకరించినట్టు ఉంటుందని సంఘం వీణల వంటి వాయిద్యాలు వాడదని రాశాడు. కాబట్టి "అనాదిగా ఉన్నదే కదా బాబూ" అని ఆయనతో అనకండి. అనాదిగా లేదు.

క్రీస్తు సంఘాల వాళ్ల పట్టుదల వెనక ఒక అమెరికన్ తగాదా ఉంది. 1859 ప్రాంతంలో కెంటకీలోని మిడ్‌వే అనే చిన్న ఊళ్లో మెలోడియన్ అనే కాళ్లతో తొక్కే చిన్న ఆర్గన్‌ని ఆరాధనలోకి తెచ్చారు. అక్కడి పాట ఎలుకలు కూడా పారిపోయేంత అధ్వాన్నంగా ఉండేదని ఆ పాస్టరే అన్నాడని చెప్తారు. ఆ తగాదా ఊరూరా పాకింది. వాయిద్యం ఒక్కటే కారణం కాదు గానీ, చివరికి 1906 అమెరికా మత గణాంకాల్లో వాళ్లను రెండు వేర్వేరు సమాజాలుగా లెక్కపెట్టాల్సి వచ్చింది. మన జిల్లాలకు ఆ నమ్మకం మిషనరీలతో వచ్చింది.

నా మటుకు నాకు, బైబిల్ ఒక విషయం చెప్పకుండా ఊరుకుంటే దాన్ని నిషేధం కింద చదవడం ఒప్పుదల కాదు. అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయంలో పేతురు, యోహాను ప్రార్థన వేళకు దేవాలయానికి వెళ్తూనే ఉన్నారు. అక్కడ లేవీయుల వాయిద్యాలు మోగుతూనే ఉన్నాయి. వాటిని వాళ్లు తప్పు పట్టినట్టు ఎక్కడా లేదు. ఈ మాట ఆయనతో చెప్పండి, ఒప్పుకోకపోతే వదిలెయ్యండి. ఇలాంటి వాటి గురించే, ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దని పౌలు రోమా 14 రాశాడు. ఆయన మీ ఇంట్లో కుటుంబ ప్రార్థనకు కూర్చున్న రోజు హార్మోనియం పెట్టె తెరవకండి. అల్లుడికి ఎన్నో మర్యాదలు చేస్తాం, ఇదొకటి.

తొలి శతాబ్దాల పెద్దలు వాయిద్యాలను ఎందుకు వద్దన్నారు అన్నది ఇంకా ముఖ్యం. కర్ర, తోలు, తీగ పాపమని వాళ్ల ఉద్దేశం కాదు. వాళ్ల ఊళ్లల్లో ఆ శబ్దం వినపడేది తాగుడు విందుల్లో, నాటకశాలల్లో, విగ్రహాల ముందు బలుల దగ్గర. అవన్నీ వదిలి వచ్చినవాడి చెవికి పిల్లనగ్రోవి వినిపిస్తే మనసు ఎటు పోతుందో వాళ్లకు తెలుసు.

మనకిది పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. డప్పుని తలుచుకోండి. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలం. వాళ్లల్లో ఎక్కువమంది మాదిగలు. ఊరి కొలుపులకీ జాతరలకీ డప్పు కొట్టడం వాళ్ల ఇష్టంతో జరిగేది కాదు. అది కులం నెత్తిన పెట్టిన వెట్టి. క్రైస్తవులయ్యాక ఇక దేవర ముందు కొట్టం అన్నారు. అన్నందుకు ఊరి పెద్దల చేతిలో బాధలు పడ్డారు. అంత కష్టపడి దించుకున్న డప్పుని మందిరంలోకి తెచ్చుకోవాలని ఆ తరానికి అనిపించలేదు. ఎందుకనిపిస్తుంది? ఇవాళ వాళ్ల మునిమనవళ్లు కొందరు డప్పు మా తాతల కళ, సిగ్గుపడాల్సింది లేదు, క్రిస్మస్ ఊరేగింపులోనే కాదు ఆరాధనలోనూ మోగాలి అంటున్నారు. నాకు ఆ మాట సంతోషమే. కానీ ఆ శబ్దంతో పాటు తండ్రి పడిన అవమానం గుర్తొచ్చే ముసలాయన ఇంకా మొదటి వరసలో కూర్చుని ఉంటే, ముందు ఆయన్ని అడిగి తేవాలి. అదే డప్పు, అదే దరువు, వినే చెవులు వేరు. వాయిద్యం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న ఎప్పుడూ గాలిలో వేసేది కాదు. ఎవరి ముందు, ఏ జ్ఞాపకాల మధ్య వాయిస్తున్నాం అన్నది చూడాలి.

ఇక మీ హార్మోనియం. 1840ల్లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబేన్ అనే ఆయన పేటెంట్ తీసుకున్న వాయిద్యం అది. తెల్లవాళ్లతో, మిషనరీలతో ఈ దేశానికి వచ్చింది. కుర్చీలో కూర్చుని కాళ్లతో తొక్కే ఆ పెట్టెని, నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊది ఇంకో చేత్తో వాయించేలా కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ మలిచాడు. అలా మనదైంది. అయినా సంగీత పండితులకు మింగుడుపడలేదు. స్వరానికీ స్వరానికీ మధ్య జారడం దానికి రాదు, గమకం పలకదు. ఈ మాట మీద 1940 నుంచి 1971 దాకా ఆలిండియా రేడియో దాన్ని గడప తొక్కనివ్వలేదు. అంటే మీరు చిన్నప్పుడు మందిరంలో హార్మోనియం విని మురిసిపోతున్న రోజుల్లోనే, రేడియో వాళ్లు అది భారతీయ సంగీతాన్ని పాడుచేస్తుందని బయట నిలబెట్టారు. ఈరోజు కీబోర్డు గురించి మీరంటున్న మాటలు అప్పట్లో మీ వాయిద్యాన్ని అన్నవే.

మరి సంప్రదాయం అంటూ ఏదీ లేదా అంటే, ఉంది. అది పెట్టెలో లేదు, కీర్తనలో ఉంది. మన తొలి కీర్తనకారుల్లో ఒకరైన పురుషోత్తమ చౌదరిగారు 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకుని, 1890లో కన్నుమూశారు. మన పల్లెలకు ఈ హార్మోనియం చేరకముందే ఆయన కీర్తనలు జనం నోళ్లల్లో ఉన్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి. ప్రతి కీర్తన నెత్తిన రాగం, తాళం వేసి ఉంటాయి. ముఖారి, బిలహరి, ఆనందభైరవి. ఆది, రూపకం, త్రిపుట. పాశ్చాత్య పాటకి తెలుగు మాటలు తొడిగే పద్ధతి పక్కన నడుస్తుండగానే, మనవాళ్లు ఈ దారి వేశారు. ఒకరు పల్లవి ఎత్తుకుంటే చదువు రాని అమ్మ కూడా రెండో సారికి అందుకునే దారి.

మీరు కాపాడాల్సింది ఆ అందుకోవడాన్నే. సంఘమంతా పాడాలి, పాడుతున్న తమ గొంతు తమకే వినపడాలి. నా దృష్టిలో వాయిద్యాల గొడవకి కొలబద్ద ఇదొక్కటే. ఐరోపాలో ప్రొటెస్టంట్ చర్చిలు పుట్టిన సంస్కరణ రోజుల్లో కూడా అసలు తేడా ఇక్కడే వచ్చింది. మీది గుంటూరు జిల్లా, 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొరగారు దిగిన గడ్డ. మీరు లూథరన్లే అయ్యుంటారు. మార్టిన్ లూథర్‌కి సంగీతం ప్రాణం, ల్యూట్ అనే తీగల వాయిద్యం వాయించేవాడు. 1524 నుంచే జనం పాడుకోవడానికి పాటల పుస్తకాలు అచ్చయ్యాయి. జెనీవాలో కాల్విన్ ఆరాధనలో వాయిద్యం వద్దన్నాడు, కానీ బైబిల్లోని 150 కీర్తనలనూ జనం పాడే వరసల్లోకి తెప్పించాడు. 1562కి ఆ పుస్తకం పూర్తయింది. ఒకరు వాయిద్యం ఉంచారు, ఒకరు తీసేశారు. అప్పటిదాకా గాయక బృందం పాడుతుంటే వింటూ నిలబడ్డ జనం రెండు చోట్లా నోరు తెరిచారు. జ్యూరిక్‌లో జ్వింగ్లీ కథ వేరే. ఆయన ఎన్నో వాయిద్యాలు వాయించగల దిట్ట. అయినా ఆయన హయాంలో, 1527లో, అక్కడి పెద్ద చర్చిలో ఆర్గన్‌ని ముక్కలు చేశారు. ఆయన హయాంలోనే ఆరాధనలో పాటా ఆగిపోయింది. ఆ శతాబ్దం చివరికి గానీ తిరిగి రాలేదు. వాయిద్యం తీసేసినంత మాత్రాన జనం పాడతారని నమ్మకం లేదన్నమాట. మీ అల్లుడిగారికి ఈ సంగతి కూడా చెప్పొచ్చు, కాస్త నవ్వుతూ.

(ఆర్‌సీఎం వాళ్లనూ, అంటే రోమన్ కాథలిక్కులనూ, ఈ గొడవ వదల్లేదు. 1903లో పదో పయస్ పోపు చర్చిలో పియానో, డ్రమ్ములు వద్దని ఉత్తర్వు ఇచ్చారు. 1963లో రెండో వాటికన్ మహాసభ ఆర్గన్‌కి పెద్దపీట వేస్తూనే, ఆయా దేశాల వాయిద్యాలు ఆరాధనకు తగినవైతే రావచ్చని తలుపు తెరిచింది. అరవై ఏళ్లలో అంత మార్పు.)

ఇప్పుడు మీ మందిరానికి వద్దాం. డ్రమ్ సెట్ ఎందుకు వద్దంటున్నానంటే, దానికి శబ్దం తగ్గించే మీట లేదు. పల్లెటూరి మందిరం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? పైన స్లాబు, కింద టైల్స్, చుట్టూ సున్నం గోడలు. శబ్దాన్ని పీల్చుకునేది ఏదీ ఉండదు. డ్రమ్స్‌ని మించి పాట వినపడాలని మైకు పెంచుతారు, మైకు పెరిగిందని కీబోర్డు పెంచుతారు, చివరికి పాడేది స్పీకర్లే అవుతాయి. తన గొంతు తనకు వినపడని మనిషి రెండు వారాలు పాడతాడు, మూడో వారం చప్పట్లతో సరిపెడతాడు, ఆ తర్వాత మీ పెద్దవాళ్లలా ప్రసంగం వేళకి వస్తాడు. లయ కావాలంటే ఇప్పుడున్న ప్యాడ్స్ చాలు, వాటికి వాల్యూమ్ నాబ్ ఉంది. కమిటీలో మీరు చెప్పాల్సిన కారణం ఇదే. ఇందులో కొత్త, పాత ప్రసక్తి రాదు. అదే మందిరంలో పది మంది కలిసి డప్పు కొట్టినా నేను ఇదే మాట అంటాను.

మాటలతో ఒప్పుకోకపోతే ఒక ఆదివారం చిన్న పరీక్ష పెట్టమనండి. ఏ పాటైనా సరే, మూడో చరణానికి వచ్చేసరికి కీబోర్డు, ప్యాడ్స్, మైకులు అన్నీ ఆపెయ్యాలి. పాట సాగితే మీ యూత్ బాగానే నడిపిస్తున్నారు, మీరే కొంచెం సర్దుకోవాలి. పాట చచ్చిపోతే ఆ నిశ్శబ్దంలో మీ అబ్బాయికే విషయం అర్థమవుతుంది, మీరు నోరు విప్పక్కర్లేదు. హార్మోనియంకి కూడా ఇదే పరీక్ష పెట్టండి మరి. కీర్తన మధ్యలో మీరు చెయ్యి తీసేస్తే ఎంతమంది పాడుతున్నారో చూడండి.

పెద్దవాళ్లు పాడకపోవడానికి శబ్దం ఒక్కటే కారణం కాకపోవచ్చు. శ్రుతి చూడండి. యూట్యూబ్‌లో ఎవరో మంచి గాయకుడు తన గొంతుకి సరిపడా రికార్డు చేసిన పాటని అదే స్కేల్‌లో తెచ్చి మందిరంలో పెడతారు. పల్లవి బాగానే ఉంటుంది, చరణంలో పైకి వెళ్లగానే సగం మంది ఆగిపోతారు. పాటలో అన్నిటికన్నా పైన పలికే స్వరం దగ్గర స్త్రీల మైత్రిలో (సంఘంలోని ఆడవాళ్ల కూటంలో) పెద్దావిడ గొంతు చించుకోకుండా అందుకోగలిగితే అది మీ సంఘం శ్రుతి. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ నొక్కితే క్షణంలో దిగుతుంది. ఈ సుఖం మీ హార్మోనియంకి లేదు. ఒప్పుకోండి.

కీర్తనలు "లాగేస్తున్నారు" అన్నారు. దానికి పిల్లల్ని తిట్టే ముందు కీబోర్డు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి. అందులో రెడీమేడ్‌గా ఉండే రిథమ్‌లు ఎక్కువ భాగం నాలుగు దెబ్బలవి, మూడువి, ఆరువి. ఆది తాళం, రూపకం అందులో ఎలాగో ఇముడుతాయి. ఏడు దెబ్బల త్రిపుట కీర్తనని నాలుగులోకి కుక్కితే ఏదో ఒక అక్షరం నలిగిపోతుంది. మీకు హడావిడిగా తోస్తున్నది బహుశా అదే. రాగం విషయంలోనూ అంతే. ముఖారి లాంటి రాగం కింద మేజర్, మైనర్ కార్డులు (రెండు మూడు స్వరాలు కలిపి ఒకేసారి నొక్కేవి) మార్చుకుంటూ పోతే రాగం చెదిరిపోతుంది. అలాంటి కీర్తనలకు రిథమ్ ఆపేసి, కార్డులు మానేసి, స-ప శ్రుతి మాత్రం పట్టి ఉంచమనండి. లయకి తబలా, తాళాలు ఉండనే ఉన్నాయి. వరస మీ హార్మోనియం మీద నడుస్తుంది. రెండూ కలిసి వాయించేటప్పుడు ఒక చిన్న తిరకాసు ఉంది. పాత హార్మోనియం రీడ్లు కాలం గడిచేకొద్దీ కొంచెం దిగో ఎక్కో ఉంటాయి, వాటిని అప్పటికప్పుడు సవరించలేం. కీబోర్డులో సన్నగా ట్యూనింగ్ మార్చుకునే ఏర్పాటు ఉంటుంది. కాబట్టి ఈ ఒక్క విషయంలో కుర్రాళ్లే పెద్దల దగ్గరికి రావాలి.

ఒక పని మాత్రం కమిటీ దాకా ఆగకుండా మొదలుపెట్టండి. కీర్తనల పుస్తకంలో రాగం, తాళం పేర్లున్నాయి గానీ సాధారణంగా మనం వాడే ప్రతుల్లో స్వరం రాసి ఉండదు. వరస అంతా నోటి నుంచి నోటికి వచ్చిందే. మీ సంఘంలో ఏ కీర్తన ఏ వరసలో పాడతారో మీకూ, మీ వయసు వాళ్లకూ తప్ప ఎవరికీ తెలియదు. శనివారం సాయంత్రాలు నలుగురు పెద్దలు కూర్చుని ఒక్కో కీర్తన అన్ని చరణాలూ నిదానంగా పాడి ఫోన్‌లో రికార్డు చెయ్యండి. రికార్డు చేసేది యూత్ వాళ్లయితే మేలు, వింటూ వింటూ నేర్చుకుంటారు. చాలామంది పిల్లలు కీర్తనలు వదిలేసింది ఇష్టం లేక కాదు, ఎవరూ నేర్పలేదు. సండే స్కూల్లో మనం వాళ్లకు నేర్పినవి యాక్షన్ సాంగ్సే కదా.

కమిటీలో ఏం తీర్మానం పెట్టమంటారని అడుగుతారేమో. డ్రమ్ సెట్ మాట ఏడాది వాయిదా. ప్రతి ఆదివారం రెండు కీర్తనలు, అందులో ఒక చరణం వట్టి గొంతులతో. గుడ్ ఫ్రైడే ఆరాధన మొత్తం వాయిద్యాలు లేకుండా, ఆ రోజు మీ అల్లుడిగారిని కూడా పిలవండి. కొత్త పాటలు యూత్ ఇష్టం, శ్రుతి మాత్రం అందరికీ అందేలా. పాట నడిపించేవాళ్లకు ఒకటే మైకు. ఇంతకు మించి రూల్స్ పెడితే ఎవరూ పాటించరు.

మీ టెన్షన్ గురించి. హార్మోనియం మీద మమకారంతో మాట్లాడుతున్నారని ఎవరో ఒకరు అంటారు, అననివ్వండి. మమకారం ఉంది కదా, లేదని ఎందుకు బుకాయించడం? కాకపోతే నెలలో ఒక ఆదివారం హార్మోనియం ఇంకొకరి చేతికివ్వండి. మీ అబ్బాయితో పాటు వాయించే కుర్రాళ్లలో కీబోర్డు వచ్చినవాడికి హార్మోనియం ఎంతలో వస్తుంది, తిత్తి ఊదడం అలవాటు కావాలంతే. మీరు ఆ రోజు జనంలో కూర్చుని పాడండి. ముందు నుంచి వినపడేదానికీ, వెనక బెంచీలో వినపడేదానికీ ఎంత తేడా ఉందో కమిటీలో మాట్లాడబోయే మనిషికి తెలిసి ఉండాలి.

డల్లాస్ అబ్బాయి ఇస్తానన్న డబ్బు తిప్పి పంపకండి, మనసు నొచ్చుకుంటాడు. ఆ డబ్బుతో మైకుల, వాయిద్యాల శబ్దాన్ని విడివిడిగా సరిచేసే ఒక మంచి సౌండ్ మిక్సర్ కొని, దాన్ని నడపడం ఇద్దరు పిల్లలకు నేర్పించవచ్చు. మిగిలితే గోడలకు, కిటికీలకు మందపాటి కర్టెన్లు వేయించండి, సగం గోల అక్కడే తగ్గుతుంది. ఇలా అనుకుంటున్నామని అతనికి ముందుగా ఒక ఉత్తరం వెళ్లాలి. అది మీ అబ్బాయి చేత రాయించండి.